గోతిక్ కథల్లో, కవితల్లో ప్రతీకలను అనుసరించి చదవడం ఎలా

భయమూ రహస్యమూ ప్రధానంగా సాగే గోతిక్ సాహిత్యంలో ప్రతీకను గుర్తుపట్టడానికి పెద్ద శ్రమ అవసరం లేదు. పాడుబడిన భవనం, నేలమాళిగ, అద్దం, నల్లని పక్షి, అర్ధరాత్రి మోగే గడియారం కనిపించగానే అవి ఊరికే అక్కడ లేవని ఎవరికైనా తెలుస్తుంది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. బొంతకాకి అంటే మృత్యువనీ, నలుపు అంటే పాపమనీ, ఇల్లు అంటే మనసనీ వరుసగా రాసుకుంటూ పోతే చేతిలో ఒక పట్టిక మిగులుతుందే తప్ప, ఆ కథ మనల్ని ఎందుకు భయపెట్టిందో తెలియదు. గోతిక్ ప్రతీకకు స్థిరమైన అర్థం కన్నా అది కథలో చేసే పని ముఖ్యం. చాలాసార్లు ఆ పని ఏదో ఒక హద్దును చెరిపివేయడమే: బతికి ఉన్నవారికీ చనిపోయినవారికీ మధ్య హద్దు, గతానికీ వర్తమానానికీ మధ్య హద్దు, ఇంటి లోపలికీ బయటికీ మధ్య హద్దు. అందువల్ల “ఇది దేనికి గుర్తు?” అని అడిగే ముందు “ఇది ఏ హద్దును దాటుతోంది, దాటిన తర్వాత ఏం మారింది?” అని అడగడం అలవాటు చేసుకోవాలి.

ఈ ధోరణికి మూలం 1764 చివర్లో వెలువడిన హొరేస్ వాల్పోల్ నవల ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’. మరుసటి ఏడాది వచ్చిన రెండో ముద్రణకు ఆయన ‘గోతిక్ కథ’ అనే ఉపశీర్షిక చేర్చాడు. కోట, అన్యాయంగా చేజిక్కించుకున్న వారసత్వం, పూర్వీకుల పాపం తర్వాతి తరాల మీద పడడం అనే ఇతివృత్తాలు అక్కడే స్థిరపడ్డాయి. నవలకు వీటిని విస్తరించుకునే చోటు ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దపు కథా, కవితా మాత్రం అదంతా ఒక గదిలో, ఒక గోడలో, ఒక మాటలో ఇమడ్చవలసి వచ్చింది. రచన ఒక్కసారి కూర్చుని చదివి ముగించగలిగేదిగా ఉండాలని అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో 1846లో రాసిన ‘ది ఫిలాసఫీ ఆఫ్ కంపోజిషన్’ వ్యాసంలో పట్టుబట్టాడు. అంత చిన్న రచనలో ఏ వస్తువుకైనా రెండు మూడు పనులు చేయక తప్పదు కాబట్టి, ఇక్కడ ప్రతీకలు చిక్కగా ఉంటాయి.

మొదటిసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకోవద్దు. ఎక్కడ అసౌకర్యం కలిగిందో, ఎక్కడ ఊపిరి బిగబట్టారో అది మాత్రం గుర్తుంచుకోండి. గోతిక్ నవలా రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ రాయగా ఆమె మరణానంతరం 1826లో అచ్చయిన ఒక వ్యాసం భయాన్ని రెండు రకాలుగా విడదీసింది: అస్పష్టతలోంచి పుట్టి మనసును విస్తరింపజేసి మేల్కొలిపే భయం ఒకటి, దారుణాన్ని కళ్లెదుట నిలిపి మనసును గడ్డకట్టించే భయం మరొకటి. మీకు కలిగింది ఏ రకమో చూసుకోండి. ప్రతీకలు ఎక్కువగా మొదటి రకం ఉన్నచోటే, అంటే విషయం ఇంకా తేలని చోటే పనిచేస్తుంటాయి.

రెండోసారి చదివేటప్పుడు ముందుగా స్థలాన్ని పట్టుకోవాలి. ఈ సాధనకు పో 1839లో ప్రచురించిన ‘ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్’ కన్నా అనువైన కథ మరొకటి లేదని నా అభిప్రాయం. కథకుడు భవనాన్ని సమీపించగానే దాని కిటికీలు శూన్యమైన కళ్లలా కనిపిస్తాయి. ఆ దిగులు కాస్త తగ్గుతుందేమోనని అతను పక్కనున్న నల్లని మడుగులోకి చూస్తే, తలకిందులైన ప్రతిబింబం అతన్ని ఇంకా వణికిస్తుంది. శ్రద్ధగా చూస్తే తప్ప కంటపడని సన్నని బీట ఒకటి పైకప్పు నుంచి గోడ వెంట వంకరటింకరగా దిగి ఆ మడుగు నీళ్లలో కలిసిపోతుంది. అందులో ఉండే అషర్ వంశానికి పక్క కొమ్మలు లేవనీ, ఆస్తీ పేరూ తండ్రి నుంచి కొడుక్కే నేరుగా దిగివచ్చాయనీ, అందుకే చుట్టుపక్కల రైతులు భవనాన్నీ కుటుంబాన్నీ ఒకే పేరుతో పిలుస్తారనీ కథ మొదట్లోనే చెబుతుంది. ఈ నాలుగు వివరాలనూ విడివిడిగా రాసుకుని, ఒక్కొక్కటీ కథ చివరిదాకా ఎలా నడిచిందో చూడండి. మడుగులోని ప్రతిబింబానికి జవాబుగా రోడరిక్, మాడలిన్ అనే ఆ ఇంటి కవలలు వస్తారు. చనిపోయిందనుకున్న మాడలిన్‌ను ఉంచిన నేలమాళిగ సరిగ్గా కథకుడి పడకగది కిందే ఉంటుంది, కాబట్టి కింద దాచినది పైకి రావలసిన దారి ఆ ఇంటి నిర్మాణంలోనే సిద్ధమై ఉంది. ముగింపులో కవలలు ఒకరిపై ఒకరు కూలిపోయిన తర్వాత ఆ బీట వెడల్పై, దాని గుండా ఎర్రని చంద్రుడు కనిపించి, మడుగు శిథిలాలను మింగేస్తుంది. ఇక్కడ ఇల్లు అంటే రోడరిక్ మనసు అనడం తప్పు కాదు గానీ అది సగమే. బయటి గాలి చొరబడని ఇల్లూ, బయటి రక్తం కలవని వంశమూ ఒకే జబ్బుతో పోయాయని చూసినప్పుడే ఆ బీట ఎందుకు అంత సన్నగా మొదలైందో అర్థమవుతుంది.

దీని పక్కన పో రాసిన ‘ది మాస్క్ ఆఫ్ ది రెడ్ డెత్’ చదవండి. 1842 నాటి ఈ కథలో గోడ బయటి మృత్యువును, అంటే రెడ్ డెత్ అనే మహమ్మారిని, ఆపడానికి కట్టినది. తూర్పు నుంచి పడమరకు వరుసగా ఏడు గదులు, మొదటిది నీలం, చివరిది నలుపు. మిగతా గదుల్లో కిటికీ అద్దాలు గది రంగులోనే ఉంటే, ఏడో గదిలో మాత్రం నెత్తుటి ఎరుపులో ఉంటాయి. పుట్టుక నుంచి చావు వరకు సాగే మనిషి దశలను ఈ వరుసలో చాలామంది చూశారు, సూర్యుడి దారి దానికి బలమిస్తుంది కూడా. అయితే ఆకుపచ్చ ఏ వయసు, నారింజ ఏ వయసు అని విడదీయబోతే ఆధారం జారిపోతుంది. వరుసను, ఆ వరుసను చివర్లో తప్పించిన ఒక్క రంగును, ప్రతి గంటకూ సంగీతాన్ని ఆపించే గడియారాన్ని పట్టుకుంటే సరిపోతుంది.

తర్వాత కథ చెబుతున్న గొంతును అనుమానించాలి. గోతిక్ కథల్లో ఉత్తమ పురుష కథనం చాలా ఎక్కువ, ఆ చెప్పే వ్యక్తికి తన గురించి తెలిసింది తరచుగా తక్కువ. పో 1843 నాటి ‘ది టెల్-టేల్ హార్ట్’లో కథకుడు తాను పిచ్చివాడిని కానని మొదటి వాక్యం నుంచే వాదిస్తాడు. ముసలివాడి పొర కమ్మిన కన్నే తన చేత హత్య చేయించిందంటాడు. నేల చెక్కల కింద నుంచి వినిపించే గుండె చప్పుడు పోలీసులకూ వినిపిస్తోందని నమ్ముతాడు. ఇలాంటి చోట ప్రతీక ఆ వస్తువులో లేదు, చూసేవాడి చూపులో ఉంది. కాబట్టి ఆ కన్ను గురించి, ఆ చప్పుడు గురించి అతను వాడే విశేషణాలను ఒకచోట రాసుకోండి, అవి మృతుడి కన్నా హంతకుణ్ణే ఎక్కువగా వర్ణిస్తాయి.

అనుమానించడమంటే కథకుణ్ణి కొట్టిపారేయడం కాదని షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ప్రచురించిన ‘ది ఎల్లో వాల్‌పేపర్’ నేర్పుతుంది. వైద్యుడైన భర్త భార్యను విశ్రాంతి పేరుతో పై అంతస్తు గదిలో ఉంచుతాడు. కిటికీలకు ఊచలు, నేలకు బిగించిన మంచం ఉన్న ఆ గదిలో గోడ కాగితం మీది బొమ్మలు ఆమెకు మొదట చికాకు కలిగిస్తాయి, తర్వాత వెన్నెల్లో ఊచలుగా మారతాయి, చివరికి వాటి వెనుక ఒక స్త్రీ కనిపిస్తుంది. కళ్లెదుట జరుగుతున్నది ఆమె భ్రమే కావచ్చు, కానీ తాను బందీనన్న ఆమె గ్రహింపు మాత్రం నిజం. గిల్మన్ తనకు ఒక వైద్యుడు విధించిన విశ్రాంతి చికిత్స అనుభవం నుంచే ఈ కథ పుట్టిందని 1913లో స్వయంగా రాసింది. అందమైన స్త్రీ మరణమే అన్నిటికన్నా కవితాత్మకమైన వస్తువని పో అన్న మాటను ఈ కథ పక్కన పెట్టి చూడడం ఎంతో అవసరం. పో రచనల్లో మరణించిన స్త్రీలు లిజియా, అనబెల్ లీ, లెనోర్ అందరూ వేరొకరి శోకంలోంచే మనకు తెలుస్తారు, గిల్మన్ కథలో గదిలో ఉన్న మనిషే మాట్లాడుతుంది. మూసిన గది అనే ప్రతీక అదే, కానీ లోపలి నుంచి చూస్తే దాని పని పూర్తిగా మారిపోయింది. ఏ గోతిక్ రచన చదివినా ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరిని మాట్లాడనివ్వలేదో ఒక్కసారి తప్పకుండా రాసుకోండి.

కవితలకు ఈ పద్ధతి కొంచెం మారాలి, ఎందుకంటే అక్కడ ధ్వని కూడా ప్రతీకే. 1845లో వచ్చిన పో కవిత ‘ది రేవెన్’ (బొంతకాకి)ను పైకి చదవండి. పక్షికి తెలిసింది ఒక్క మాటే: ‘నెవర్‌మోర్’, అంటే ఇక ఎన్నడూ లేదు. డిసెంబరు అర్ధరాత్రి, ప్రియురాలు లెనోర్‌ను పోగొట్టుకున్న యువకుడు మొదట పరిహాసంగా దాని పేరు అడుగుతాడు, తర్వాత ఉపశమనం ఉందా అని, చివరికి లెనోర్‌ను మరో లోకంలోనైనా కలుస్తానా అని అడుగుతాడు. జవాబు మారదు, ప్రశ్నలే మారుతూ అదే మాటను క్రూరంగా తయారుచేస్తాయి. చరణం చరణానికీ ప్రశ్నను మాత్రమే పక్కన రాసుకుంటూ పోతే కవిత నిర్మాణం బయటపడుతుంది. ఆ పక్షి అంతులేని శోకస్మృతికి ప్రతీక అన్నది చివరి చరణంలో చివరి పాదానికి గానీ స్పష్టం కాదని పో తానే చెప్పాడు. మొదటి చరణంలోనే దానికి అర్థం రాసేసే పాఠకుడు ఈ ప్రయాణాన్నంతా పోగొట్టుకుంటాడు.

ఆంగ్ల కవి కోలరిడ్జ్ అసంపూర్తిగా వదిలి 1816లో ప్రచురించిన ‘క్రిస్టబెల్’లో హద్దు కంటికే కనిపిస్తుంది. అడవిలో దొరికిన జెరాల్డిన్ కోట ద్వారం దగ్గర కూలబడితే క్రిస్టబెల్ ఆమెను ఎత్తి గడప దాటిస్తుంది. నిద్రలోనే కుక్క మూలుగుతుంది, ఆరిపోతున్న నిప్పు ఎగిసిపడుతుంది. ఇవన్నీ హెచ్చరికలే, కానీ గడప దాటించినది ఆ అమ్మాయి దయే అన్నది మరవకూడదు.

మీ వ్యాఖ్యానాన్ని పరీక్షించుకోవడానికి ఒక మార్గం ఉంది. ఆ ప్రతీకను రచన నుంచి తీసేసి, కథ అలాగే నిలుస్తుందేమో ఊహించండి. నిలిస్తే అది అలంకారం, దాని మీద ఎక్కువ బరువు మోపవద్దు. నిలవకపోతే, అది కనిపించిన కనీసం మూడు చోట్లను చూపి, వాటి మధ్య వచ్చిన మార్పును మీ మాటల్లో చెప్పండి. నథానియల్ హాథోర్న్ 1836 నాటి ‘ది మినిస్టర్స్ బ్లాక్ వెయిల్’ ఇందుకు గట్టి పరీక్ష. హూపర్ అనే మతబోధకుడు ఒక ఆదివారం ముఖానికి నల్లని ముసుగు కప్పుకుని వచ్చి, మరణశయ్య మీద కూడా దాన్ని తీయనివ్వడు, కారణమూ చెప్పడు. అతని రహస్య పాపం ఏమిటో కనిపెట్టాలని చాలామంది విద్యార్థులు పేజీలు నింపుతారు, కానీ రచయిత అందుకు ఆధారం ఉంచలేదు. ఉంచినది ఇతరుల ప్రవర్తన: సంఘస్థులు వెనక్కి తగ్గడం, కాబోయే భార్య విడిపోవడం, అతని ప్రసంగాలకు మునుపెన్నడూ లేని శక్తి రావడం, మరణానికి సిద్ధమవుతున్న పాపులు అతన్నే పిలిపించుకోవడం. మీ వ్యాసం ఈ నాలుగింటి మీద నిలబడాలి. ముసుగు వెనుక ఏముందో రాయవలసిన పని లేదు.