ఇథియోపియాలో ఫ్యాక్టరీ తెరిచే ముందు: సిబ్బంది విషయంలో జాగ్రత్తలు

ఇథియోపియాలో కుట్టుపని యూనిట్ పెట్టాలనుకునే వ్యాపారిని ముందుగా ఆకర్షించేది అక్కడి తక్కువ జీతం. 2019 నాటి కార్మిక చట్టం కనీస వేతనాన్ని అంకెగా నిర్ణయించలేదు, వేతన బోర్డు ఏర్పాటుకు వీలు మాత్రం కల్పించింది. ఆ వెసులుబాటును లాభంగా లెక్కవేసుకోవడమే మొదటి పొరపాటు.

2016లో ప్రారంభమైన హవాసా పారిశ్రామిక పార్కులో 2019 ప్రాంతంలో కొత్తగా చేరినవారి మూల వేతనం నెలకు సుమారు 26 డాలర్లు. పల్లెల నుంచి వచ్చిన యువతులు ఆ డబ్బుతో గది అద్దె కట్టి, కడుపు నింపుకొని, ఇంటికి కొంత పంపడం సాధ్యం కాక పని మానేశారు. శిక్షణ ఇచ్చిన చేతులు కొన్ని నెలలకే వెళ్లిపోతుంటే, కంపెనీలు ఏడాదిలో దాదాపు మొత్తం కార్మికులను కొత్తగా చేర్చుకోవలసి వచ్చింది. కాబట్టి జీతం నిర్ణయించే ముందు మీ మనిషి ఒకరు ఆ ఊరి పేటల్లో తిరిగి, ముగ్గురు కలిసి ఉండే గదికి అద్దె ఎంతో, నెలకు తిండి ఖర్చు ఎంతో, రాత్రి షిఫ్టు ముగిశాక ఆడపిల్ల క్షేమంగా ఇల్లు చేరే దారి ఉందో లేదో కళ్లారా చూసి రావాలి. భోజనం, బస్సు, వసతి కంపెనీయే చూసుకోవడం దయ అనిపించుకోదు, ఉత్పత్తి నిలబడాలంటే పెట్టక తప్పని ఖర్చు అది.

పనివేళలు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించరాదు. ఓవర్‌టైమ్ రోజుకు 4 గంటలు, వారానికి 12 గంటలకే పరిమితం. పగటి ఓవర్‌టైమ్‌కు ఒకటిన్నర రెట్లు, పండుగ సెలవునాడు రెండున్నర రెట్లు చెల్లించాలి. ప్రొబేషన్ 60 పనిదినాలు, ప్రసూతి సెలవు 120 రోజులు. ఒప్పందం రాతపూర్వకంగా లేకపోతే 15 రోజుల్లోగా షరతులు రాసి, సంతకం చేసి కార్మికుడికి ఇవ్వాలి. ఆ కాగితం అతనికి చదవడం వచ్చిన భాషలో ఉండేలా చూడండి.

కాలాన్ని లెక్కపెట్టే తీరులో తేడా వల్ల తొలి వారంలోనే గందరగోళం రావచ్చు. మన పెద్దలు సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కించినట్టే అక్కడివారు ఉదయం నుంచి గంటలు లెక్కిస్తారు, అందువల్ల మన ఉదయం 7 వారికి 1 గంట. వారి క్యాలెండర్‌కు 13 నెలలు, సంవత్సరం మనకంటే ఏడెనిమిదేళ్లు వెనుక. షిఫ్టు పట్టికల్లోనూ, ఒప్పంద తేదీల్లోనూ రెండు లెక్కలూ పక్కపక్కన రాయడమే క్షేమం. ఇంటిపేరు పద్ధతి కూడా అక్కడ లేదు. సొంత పేరు తరువాత తండ్రి పేరు వస్తుంది కనుక, పేరోల్‌లో చివరి పేరును ఇంటిపేరుగా నమోదు చేస్తే బ్యాంకు, పింఛను రికార్డులు సరిపోలవు.

ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లోనూ, ఈస్టర్‌కు ముందు దాదాపు 55 రోజులూ మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. రంజాన్ పాటించే ముస్లింలూ ఎక్కువే. కార్తీకమాసపు ఉపవాసాలు ఎరిగిన మనకు దీన్ని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు గానీ, క్యాంటీన్ వంటకూ, బరువు పనుల కేటాయింపుకూ ముందే ఆలోచన ఉండాలి.

సూపర్‌వైజర్లందరినీ ఒకే జాతి నుంచి, లేదా అందరినీ ఇక్కడి నుంచి తీసుకువెళ్లడం ప్రమాదకరం. హవాసాలో అమ్హారిక్‌తో పాటు సిడామా భాష తెలిసినవారు ఉండాలి. వెళ్లే మనవారికి కఠినంగా చెప్పవలసింది ఒకటుంది: లైనులో నిలబెట్టి కేకలు వేసే అలవాటును ఇక్కడే విడిచి వెళ్లాలి.

ఇక ఆర్డర్లు తగ్గే రోజుకు కూడా సిద్ధపడాలి. 2022 జనవరి 1న అమెరికా సుంకం లేని ఎగుమతి సదుపాయాన్ని తొలగించడంతో ఇథియోపియా దుస్తుల పరిశ్రమ గట్టి దెబ్బ తిన్నది. 2024 జూలైలో అక్కడి కరెన్సీ అయిన బిర్ మారకపు రేటును మార్కెట్‌కు వదిలేయడంతో దాని విలువ బాగా పడిపోయింది, జీతాలను మళ్లీ చూడవలసి వచ్చింది. తొలగింపు పరిహారం తొలి ఏడాది సర్వీసుకు 30 రోజుల వేతనం, తరువాతి ప్రతి ఏడాదికి అందులో మూడో వంతు చొప్పున పెరుగుతుంది. ఆ మొత్తాన్ని మొదటి నెల నుంచే వేరే ఖాతాలో జమ చేస్తూ రండి.