ఫ్రెంచ్ ఇమ్మర్షన్ హోంవర్క్‌కి కూర్చునే ముందు

కెనడాలో పిల్లల్ని ఒకటో తరగతి ఫ్రెంచ్ ఇమ్మర్షన్‌లో, అంటే పాఠాలు ఫ్రెంచ్‌లోనే చెప్పే చదువులో, చేర్చిన అమ్మానాన్నలు, సాయంత్రం పుస్తకాలు తెరిచే ముందు ఇవి చూసుకోండి.

• టీచర్ పంపిన ఈ వారం కబుర్లు ముందు చదవండి. 'డిక్తే', అంటే టీచర్ చెబుతుంటే పిల్లలు విని రాసే పదాలు, ఏ రోజో చూసి పెట్టుకోండి.

• ఫ్రెంచ్ పదాన్ని ఇంగ్లీషులా చదివి వినిపించకండి. మూడుని (trois) 'త్ర్వా' అంటారు. చివర ఎస్ రాస్తారు గానీ పలకరు. నేను 'ట్రాయిస్' అని నేర్పేశాను, మా పాప దాన్ని మర్చిపోవడానికి వారం పట్టింది. తెలియకపోతే ఆడియో పెట్టి ఇద్దరూ కలిసి వినండి. ఫ్రెంచ్‌లో త, ద మన త, ద లాగే నాలుక పళ్ళకి తగిలి పలుకుతాయి. తెలుగు మాట్లాడే పిల్లలకి ఇది చేతిలో ఉన్న బలం. అందుకే ఇంట్లో తెలుగు ఆపకండి, రాత్రి కథ తెలుగులోనే చెప్పండి.

• ఇంగ్లీషు చదవడం రాలేదని టెన్షన్ పడకండి. చాలా స్కూళ్ళలో ఆ పాఠాలు మూడు, నాలుగు తరగతుల్లోనే మొదలవుతాయి.

• రేపటి డబ్బాలో పులిహోర పెడుతుంటే వేరుశనగ పలుకులు తీసేయండి. అలర్జీ ఉన్న పిల్లలు పక్కనే కూర్చుంటారు.