అమ్మానాన్నల్ని జులైలో గోల్డెన్ గేట్‌కి తీసుకెళ్లే ముందు

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగిళ్లకి ఊరి నుంచి అమ్మానాన్నలు దిగేది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో. జూన్‌లో పిల్లలకి సెలవులిస్తారు. ఓ శనివారం చూసుకుని అందర్నీ కారెక్కించి గోల్డెన్ గేట్‌కో, హాఫ్ మూన్ బేకో బయల్దేరతారు. తీరానికి దూరంగా లోపలున్న డబ్లిన్ ఊళ్లో బయల్దేరేటప్పుడు 32 డిగ్రీల ఎండ. ఒడ్డున దిగేసరికి 14 డిగ్రీలు, ఈడ్చికొట్టే గాలి, వంతెన స్తంభాలు సగం వరకే కనబడతాయి. నేత చీర, చెప్పులతో వచ్చిన అమ్మగారు పది నిమిషాలు నిలబడి, ఇక చాలని కార్లోకి వెళ్లి కూర్చుంటారు.

ఎండాకాలం సెలవుల్లో సముద్రానికి వెళ్లడం మనకి అలవాటైన లెక్క. ఉత్తర కాలిఫోర్నియా తీరానికి అది పనికిరాదు. ఇక్కడ పొగమంచు గట్టిగా పట్టేది జూన్ నుంచి ఆగస్టు దాకానే.

కారణం తెలిస్తే రోజు ఎంచుకోవడం తేలిక. వేసవిలో పసిఫిక్ మీద అధిక పీడనం స్థిరపడుతుంది. వాయవ్యం నుంచి తీరం వెంబడి వీచే గాలి పైనున్న నీటిని ఒడ్డుకి దూరంగా నెట్టేస్తుంది, ఆ చోటికి అడుగు నుంచి చల్లటి నీరు పైకొస్తుంది. జూన్‌లో కూడా శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర నీరు 11–13 డిగ్రీలే. తేమగాలి ఆ నీటి మీదుగా వస్తూ చల్లబడి మంచవుతుంది. పైనున్న వేడిగాలి దాన్ని మూతలా అదిమి ఉంచుతుంది. అటు శాక్రమెంటో లోయ 38 డిగ్రీలు దాటి కాగితే గాలి పైకి లేస్తుంది, ఆ వెలితి పూడ్చడానికి చల్లగాలి మంచుతో సహా గోల్డెన్ గేట్ సందులోంచి లోపలికి దూసుకొస్తుంది. అంటే లోపల ఎండలు మండుతున్నాయని బీచ్‌కి బయల్దేరితే చాలాసార్లు మంచుకే ఎదురెళ్తున్నట్టు. ఒక మినహాయింపు ఉంది. వడగాలులు మొదలైన తొలి ఒకటి రెండు రోజులు గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తే తీరం కూడా తేటగా ఉంటుంది. ఆ తర్వాత గాలి దిశ మారి మంచు మళ్లీ కమ్ముకుంటుంది.

ఏ నెల

సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు చివరిదాకా. అప్పటికి వాయవ్య గాలి నెమ్మదిస్తుంది, నీరు కాస్త వెచ్చబడుతుంది, లోయలో వేడి తగ్గుతుంది. సందర్శక వీసా మీద వచ్చినవాళ్లకి మామూలుగా ఆరు నెలల గడువు ఇస్తారు కాబట్టి, మేలో వచ్చినవాళ్లకి లాస్ వేగాస్, యోసెమిటీ, టాహో ముందు చూపించి, సముద్రాన్ని చివరికి పెట్టుకోవచ్చు. తిరుగు టికెట్ ఆగస్టుకి తీసేస్తే ఈ వెసులుబాటు పోతుంది.

అక్టోబరుకీ చిక్కులున్నాయి. నేల నుంచి సముద్రం వైపు వీస్తూ మంచుని తరిమే పొడి గాలే కార్చిచ్చులకి ఊపిరి. రెడ్ ఫ్లాగ్ (కార్చిచ్చు ముప్పు) హెచ్చరిక ఉన్న రోజుల్లో కొండ దారులు పట్టకండి, గాలి నాణ్యత ఎంతుందో చూడకుండా పెద్దవాళ్లని బయటికి తీసుకెళ్లకండి. అక్టోబరు మధ్యలో హాఫ్ మూన్ బేలో గుమ్మడికాయల ఉత్సవం జరుగుతుంది. ఆ శని, ఆదివారాల్లో 92 హైవే మీద గంటలకొద్దీ ఇరుక్కోవడం తప్పదు.

శాంటా బార్బరా నుంచి శాన్ డియాగో దాకా లెక్క వేరు. అక్కడ మే, జూన్ నెలలు మబ్బుగా ఉంటాయి, జులై మధ్య నుంచి తేటపడుతుంది. జులైలోనే వెళ్లి తీరాలంటే దక్షిణానికి పోవడమే తెలివైన పని.

జులై తప్పకపోతే

అప్పుడు గంటనీ, ఒడ్డునీ ఎంచుకోవాలి. మంచు లోపలి ఊళ్ల నుంచి కరుగుతూ వచ్చి చివరికి తీరం దగ్గర విడుతుంది, కొన్ని రోజులు అసలు విడవదు. పదకొండున్నర నుంచి మూడున్నర మధ్య మంచి సమయం. నాలుగు, అయిదింటికల్లా మళ్లీ లోపలికి జరుగుతుంది. పడమటి ఒడ్డున సూర్యాస్తమయం చూద్దామన్న ఆశ జులైలో పెట్టుకోకండి.

ఒడ్డు ఏ దిక్కుకి తిరిగి ఉందో చూడండి. ఓషన్ బీచ్, పసిఫికా, హాఫ్ మూన్ బే నేరుగా పడమటికి ఉన్నాయి కాబట్టి మంచు ముందు వాటికే తగులుతుంది. శాంటా క్రూజ్, కాపిటోలా దక్షిణం వైపు తిరిగి ఉంటాయి, వెనక కొండలు అడ్డుంటాయి. హాఫ్ మూన్ బే మసకబారిన రోజున కూడా అక్కడ ఎండ కాయడం మామూలే. అయితే 17 హైవే శనివారం పొద్దున తొమ్మిది దాటాక కదలదు. వంతెన చూడాలంటే దానికి అవతలున్న సాసలీటో ఊళ్లో కాసేపు ఆగి, మంచు తెర తొలగిన వేళ పైన కొండ మీదికి వెళ్లండి.

ఫోన్‌లో "శాన్ ఫ్రాన్సిస్కో" అని కొట్టి సూర్యుడి బొమ్మ చూసి బయల్దేరడం మోసపోయే దారి. మీరు వెళ్లే ఒడ్డు పేరే పెట్టి చూడండి. అంతకన్నా మేలైనది, అమెరికా జాతీయ వాతావరణ శాఖ వెబ్‌సైట్లో బే ఏరియా అంచనాతోపాటు ఉండే చర్చ భాగం. మెరైన్ లేయర్, అంటే సముద్రం మీంచి వచ్చే చల్లటి తేమగాలి పొర, ఎన్ని అడుగుల మందం ఉందో అందులో రాస్తారు. ఆ అంకెని ఇలా చదువుకోవాలి: వంతెన రోడ్డు నీటి నుంచి సుమారు 220 అడుగులు, స్తంభాల కొస 746 అడుగులు. మందం వెయ్యి అడుగుల లోపుంటే మంచు నేలబారుగా, చిక్కగా ఉంటుంది. వంతెన మాయం, డ్రైవింగ్ కష్టం. రెండు వేలు దాటితే మంచు పైకి లేచి మబ్బవుతుంది. వంతెన కనబడుతుంది, ఎండ మాత్రం ఉండదు. అంతకన్నా మందమైతే సన్నటి తుంపర కూడా పడొచ్చు, లోపలి ఊళ్లకీ పొద్దెక్కేదాకా ఎండ రాదు.

మందం తక్కువున్న రోజున కిందికి కాకుండా పైకి వెళ్లండి. మౌంట్ టామల్‌పైస్ శిఖరం 2,571 అడుగులు. అక్కడ నిలబడితే మంచు కాళ్ల కింద తెల్లగా పరుచుకుని ఉంటుంది, మీ మీద ఎండ కాస్తుంది. దగ్గర్లోని మ్యూర్ వుడ్స్‌కి వెళ్లాలంటే పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి, అప్పటికప్పుడు వెళితే కుదరదు. ఏదీ కుదరకపోతే బండి లివర్‌మోర్ శివవిష్ణు ఆలయం వైపు తిప్పేయండి, అటు మంచు పెందలాడే విడిపోతుంది.

పొద్దున సూర్యోదయం అయ్యాక గోస్ వెస్ట్ (GOES West) వాతావరణ ఉపగ్రహం తీసిన చిత్రం ఒకసారి చూడండి. తీరం పక్కన సన్నటి తెల్ల పట్టీ మాత్రమే ఉంటే మధ్యాహ్నానికి విడిపోయే అవకాశం ఎక్కువ. సముద్రమంతా కనుచూపు మేర తెల్లగా ఉంటే ఆ రోజు వదులుకోండి.

బట్టలు, సరంజామా

ఒక్కొక్కరికి స్వెట్టర్ ఒకటి, దాని మీద గాలి చొరబడని జాకెట్. స్వెట్టర్ ఒక్కటే అయితే గాలి సందుల్లోంచి దూరుతుంది, పైగా తుంపరకి తడుస్తుంది. శాలువా గాలికి నిలవదు. చెవులు కప్పే టోపీ, మేజోళ్లు, బూట్లు ఉండాలి. చీర కట్టుకునేవాళ్లకి లోపల పొడుగు థర్మల్ వేస్తే మోకాళ్లకి చలి అంతగా తగలదు. ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ కారులో కాదు, జేబులో ఉండాలి. ఫ్లాస్కులో టీ పోసుకెళ్లండి. సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు, పల్చటి మంచులోంచి అతినీల కిరణాలు వస్తూనే ఉంటాయి. చల్లగా ఉందని రాసుకోనివాళ్ల ముఖమే సాయంత్రానికి కందిపోతుంది.

నీళ్లలో కాళ్లు తడుపుకునే సరదా వద్దు, అలలకి దూరంగానే నిలబడండి. ఇక్కడ అప్పుడప్పుడూ ఒక పెద్ద అల చెప్పకుండా మామూలు హద్దు దాటి వచ్చేస్తుంది, మంచులో అది రావడం కనబడదు. వీపు సముద్రం వైపు పెట్టి ఫొటోలు దిగొద్దు. పిల్లల చేతులు వదలొద్దు.

బండి నడిపేటప్పుడు

హై బీమ్ వేస్తే వెలుగు మంచుకి తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది, లో బీమ్ చాలు. పగటి లైట్లు వాటంతటవే వెలుగుతున్నాయిలే అనుకోవద్దు. చాలా కార్లలో అవి ముందువి మాత్రమే, వెనక దీపాలు ఆరిపోయే ఉంటాయి. స్విచ్ చేత్తో తిప్పండి. క్రూజ్ కంట్రోల్ తీసేయండి. అద్దం లోపల మసకబారితే డీఫ్రాస్ట్‌తో పాటు ఏసీ కూడా వేయాలి. ఏమీ కనబడకపోతే హైవే 1 మీద అంచున ఆపకండి, వాహనాలు ఆగేందుకు విడిచిన చోటుకి పూర్తిగా దిగండి. అక్కడ లైట్లు ఆపి బ్రేకు మీంచి కాలు తీసేయాలి. వెలుగుతున్న ఎర్ర దీపాల్ని చూసి, బండి నడుస్తోందనుకుని వెనకవాళ్లు వచ్చి గుద్దుతారు.

డిసెంబరు సెలవుల్లో లాస్ ఏంజలెస్ వైపు వెళ్లేవాళ్లకి ప్రమాదం తీరాన ఉండదు, సెంట్రల్ వ్యాలీలో ఉంటుంది. వాన వెలిసిన మర్నాడు రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి లేకపోతే తూలే ఫాగ్ నేల నుంచే పుడుతుంది. 2007 నవంబరులో ఫ్రెస్నో దగ్గర 99 హైవే మీద వందకి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నది ఇలాంటి మంచులోనే. అలాంటి పొద్దున పదింటి దాకా ఇల్లు కదలకండి, ఐ-5 అయినా 99 అయినా.

విమానాల మాట కూడా చెప్పుకోవాలి. శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో పక్కపక్కనున్న రన్‌వేల మధ్య దూరం 750 అడుగులే. మబ్బు కిందికి దిగితే రెండింటి మీదా ఒకేసారి దించలేరు, వేసవి ఉదయాల్లో ఆలస్యాలు అక్కడే మొదలవుతాయి. ఎక్కువగా నలిగేది దగ్గరి ఊళ్ల నుంచి వచ్చే చిన్న విమానాలు. అమ్మానాన్నలకి అమెరికా లోపలి కనెక్షన్ విమానం తీస్తుంటే మధ్యాహ్నం దిగేది చూడండి, లేదా శాన్ హోసేకి తీయండి.