రేస్ కారులో మిస్‌ఫైర్ వెతకబోయే ముందు జాగ్రత్తలు

చెన్నై, కోయంబత్తూరు ట్రాక్‌లకు బయలుదేరడానికి హైదరాబాద్‌లో కారును ట్రెయిలర్ ఎక్కించే వేళకు ఇంజన్ మిస్ కొడుతుంటే (అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోతుంటే), పానా పట్టే ముందు ఇవి చూసుకోవాలి.

• ఫుల్ థ్రాటిల్‌లో మిస్ అవుతున్న కారును “ఇంకో రౌండ్ తొక్కి చూద్దాం” అనుకోవద్దు. పెట్రోలు చాలకపోవడమే కారణమైతే గాలి పాలు ఎక్కువై మిశ్రమం పలచబడి పిస్టన్ పైభాగం కరిగిపోవచ్చు. ఫ్యూయల్ పంపు మారిస్తే పోయే ఖర్చు ఇంజన్ మీదికి వస్తుంది. ఫ్యూయల్ ప్రెషర్‌ను లోడ్ మీదే (ఇంజన్ బలంగా లాగుతున్నప్పుడే) కొలవాలి, ఎందుకంటే నీరసించిన పంపు ఐడిల్‌లో (ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

• నడుస్తున్న ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ క్యాప్ లాగవద్దు. వేల వోల్టుల షాక్ చేతికి తగలడమే కాక, ప్లగ్‌కు కరెంటు ఇచ్చే కాయిల్ కూడా పాడవుతుంది. దానికి బదులు, సిలిండర్లకు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా తీసి చూడండి. ఏది తీసినప్పుడు ఇంజన్ శబ్దం మారదో, అనుమానించాల్సింది ఆ సిలిండర్‌నే.

• ప్లగ్ విప్పే ముందు అది కూర్చునే గుంటలో గాలి కొట్టాలి, లేకపోతే ఇసుక సిలిండర్‌లో పడుతుంది. వానాకాలంలో ఆ గుంటలో నిలిచిన నీరే అసలు దోషి కావచ్చు.

• కాయిల్, ప్లగ్ ఒకేసారి మార్చవద్దు. కాయిల్‌ను మాత్రమే పక్క సిలిండర్‌కు మార్చినప్పుడు మిస్ కూడా దానితోపాటు వెళితే తప్పు కాయిల్‌దే. రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల బేరం ఆ తర్వాతి మాట.

• కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) చూసేటప్పుడు ఇగ్నిషన్‌నూ ఇంజెక్టర్లనూ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరవాలి. మూసి ఉంటే గాలి అందక అన్ని రీడింగులూ తక్కువగా వస్తాయి.

• మలుపుల్లో మాత్రమే మిస్ అయితే, ముందు ట్యాంకులో పెట్రోలు ఎంత ఉందో చూడండి; తక్కువుంటే అది మలుపులో పక్కకు ఒరిగి పంపుకు అందకపోవచ్చు.