ఆన్‌లైన్ డిగ్రీకి దరఖాస్తు: ఎక్కువమంది ఆగిపోయేది డీఈబీ ఐడీ దగ్గరే

కిందటి జులై అడ్మిషన్లప్పుడు కోవూరు దగ్గర పల్లె నుంచి ఒకామె నా దగ్గరికి వచ్చింది. ఇంటర్ కాగానే పెళ్లయింది, పదేళ్ల తర్వాత మళ్లీ చదువుకోవాలనిపించింది. ఆన్‌లైన్‌లో బీఏ చేద్దామని నెల్లూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లకి ఆరు వేలు కట్టింది. వాళ్లు డీఈబీ ఐడీతో సహా చేరడానికి కావాల్సిన ఐడీలన్నీ ఆమె పేరు మీద తయారుచేశారు, కానీ వాళ్ల ఫోన్ నంబరుతో చేశారు. తర్వాత ఆమె వేరే యూనివర్సిటీలో చేరదామనుకుంటే ఓటీపీ వాళ్ల ఫోన్‌కి పోతోంది. అది చెప్పడానికి ఇంకో రెండు వేలు అడిగారు. కట్టిన ఆరు వేలకి ఆమె దగ్గర రసీదు కూడా లేదు.

ఆ తర్వాత కావలి నుంచి, కనిగిరి నుంచి కూడా ఇలాంటివాళ్లు వచ్చారు. అందుకే ఇది రాస్తున్నాను. ఈ దరఖాస్తుకి మధ్యవర్తి అక్కర్లేదు. ఆధార్‌కి లింకైన మీ సొంత ఫోన్ నంబరు, పదో తరగతి మెమో, రెండు మూడు గంటల ఓపిక ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు.

కోర్సు ఎంచుకోవడం గురించి ఎక్కువ చెప్పను. బీఏ, బీకాం, బీబీఏ, బీసీఏ, ఎంఏ, ఎంకాం, ఎంబీఏ, ఎంసీఏ ఇలా చాలా సబ్జెక్టులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమని 2020 నిబంధనల్లోనే ఉంది, 2022 సెప్టెంబరులో యూజీసీ మళ్లీ స్పష్టంగా చెప్పింది. కాబట్టి "ఇది చెల్లుతుందా" అన్న టెన్షన్ వద్దు. కాలేజీలో రెగ్యులర్ డిగ్రీ చదువుతూనే రెండోది ఆన్‌లైన్‌లో చేయడానికి కూడా 2022 నుంచి వీలుంది.

చెల్లనివి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, లా, వ్యవసాయం లాంటి కోర్సుల్ని ఆన్‌లైన్‌లో నడపడానికి అనుమతి లేదు. సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ లాంటివి కూడా 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి ఆపేశారు. ఎవరైనా ఆన్‌లైన్ బీటెక్ అనో, ఆన్‌లైన్ నర్సింగ్ అనో అంటే అక్కడ ఇంకో మాట కూడా మాట్లాడకుండా లేచి వచ్చేయండి.

డిగ్రీ అవసరం లేదు, ఒక సబ్జెక్టు నేర్చుకుంటే చాలనుకునేవాళ్లకి కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన స్వయం అనే వెబ్‌సైట్ ఉంది. అందులో పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టి, సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి. దీనికి కింద చెప్పే డీఈబీ ఐడీ అవసరం లేదు.

డిగ్రీకైతే ముందు యూజీసీ దూరవిద్య విభాగం, అంటే డీఈబీ వెబ్‌సైట్ చూడాలి. చిరునామా చివర యూజీసీ డాట్ ఏసీ డాట్ ఇన్ అని ఉంటేనే అది అసలైనది. యూనివర్సిటీ పేరు జాబితాలో కనిపించగానే ఆగిపోకండి. మీకు కావాల్సిన కోర్సు ఉందా, మీరు చేరబోయే సెషన్‌కి ఉందా, ఆన్‌లైన్ జాబితాలో ఉందా దూరవిద్య జాబితాలో ఉందా అని మూడూ చూడాలి. ఒకే యూనివర్సిటీలో ఎంబీఏకి అనుమతి ఉండి ఎంసీఏకి లేకపోవచ్చు. ఇంకో సంగతి, ఈ కోర్సుల్ని ఫ్రాంచైజీకి ఇవ్వడం నిబంధనలకి విరుద్ధం. "మేమే ఆ యూనివర్సిటీ నెల్లూరు బ్రాంచి" అని బోర్డు పెట్టుకున్నవాళ్ల దగ్గర ఫీజు కట్టకండి.

ఇక అసలు విషయానికి వస్తాను. 2024 నుంచి దూరవిద్యలోనైనా ఆన్‌లైన్‌లోనైనా చేరాలంటే డీఈబీ ఐడీ తప్పనిసరి. అది రావాలంటే ముందు ఏబీసీ ఐడీ ఉండాలి. ఏబీసీ అంటే మీరు చదివిన కోర్సుల క్రెడిట్లు, అంటే పాసైనందుకు వచ్చే పాయింట్లు దాచే ఖాతా. ఐడీ 12 అంకెల నంబరు. అపార్ ఐడీ అని పిల్లలకి స్కూళ్లలో చేయిస్తున్నదీ ఇదే. సర్టిఫికెట్లు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో ఆధార్‌తో లాగిన్ అయితే అక్కడే తయారవుతుంది, డబ్బేమీ కట్టక్కర్లేదు. చదువు ఆపేసి చాలా ఏళ్లయినవాళ్లు అక్కడ కాలేజీ పేరు, రోల్ నంబరు అడగ్గానే కంగారుపడి వదిలేస్తున్నారు. కొత్తగా చేరేవాళ్లకి న్యూ అడ్మిషన్ అని వేరే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కి చేరబోయే యూనివర్సిటీని ఎంచుకోండి.

ఏబీసీ ఐడీ వచ్చాక డీఈబీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు ఇచ్చి డీఈబీ ఐడీ తీసుకోవాలి. ఇది మనిషికి ఒక్కటే, జీవితాంతం అదే. రేపు మీరు ఎంఏ చేసినా, ఇంకో యూనివర్సిటీకి మారినా ఇదే ఐడీ వాడాలి. కాబట్టి ఫోన్ నంబరు, ఈమెయిల్ రెండూ మీవే ఇవ్వండి. నెట్ సెంటర్‌లో చేయించుకోవడంలో తప్పేం లేదు, ఫోన్‌లో టైపు చేయడం రానివాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి. మీ పక్కన కూర్చున్న అబ్బాయి తన మెయిల్ కొడుతుంటే అక్కడే ఆపండి. మెయిల్ లేకపోతే ముందు అది తయారుచేయించుకుని, పాస్‌వర్డ్ ఇంట్లో పుస్తకంలో రాసుకోండి.

ఇంతవరకూ సాఫీగా వచ్చినవాళ్లు కూడా దెబ్బతినేది పేరు దగ్గర. ఏబీసీలో పేరు ఆధార్ నుంచి వస్తుంది. యూనివర్సిటీ మీ పదో తరగతి మెమో చూస్తుంది. మన వైపు ఈ రెండూ ఒకేలా ఉన్నవాళ్లు తక్కువ. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో చివర ఒక్క అక్షరమే ఉంటుంది, లేదా అసలు ఉండదు. లక్ష్మి అనే పేరుని మెమోలో కేఎస్‌హెచ్‌తో రాస్తే ఆధార్‌లో ఎక్స్‌తో రాస్తారు. పుట్టిన తేదీ తెలియదని ఎప్పుడో ఆధార్‌లో జనవరి 1 వేయించుకున్నవాళ్లు ఉన్నారు. పెళ్లయిన ఆడవాళ్లకైతే ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, మెమోలో పుట్టింటి ఇంటిపేరు.

ఇలా ఉంటే దరఖాస్తు పెట్టకముందే సరిచేసుకోవాలి. ఫీజు కట్టాక యూనివర్సిటీ వెనక్కి పంపితే ఆ సెషన్ పోయినట్టే. మెమోలో మార్పు చేయించడం పెద్ద పని, స్కూలు నుంచి బోర్డు దాకా తిరగాలి. ఆధార్‌ని మెమోకి తగ్గట్టు మార్చుకోవడం దానికంటే చాలా తేలిక. ఆధార్ సేవలున్న సచివాలయానికో, ఆధార్ కేంద్రానికో పదో తరగతి మెమో ఒరిజినల్ తీసుకెళ్లండి. 2025 అక్టోబరు నుంచి పేరు, తేదీ లాంటి వివరాల మార్పుకి ఫీజు 75 రూపాయలు. అంతకంటే అడిగితే రసీదు అడగండి. పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని ఆపరేటరు టైపు చేశాక స్క్రీన్ మీద ఒక్కో అక్షరం మెమోతో పోల్చి చూసుకున్నాకే సరే అనండి. వెనక లైన్లో వాళ్లు విసుక్కుంటున్నారని తొందరపడొద్దు. మారడానికి నెల దాకా పట్టొచ్చు, కాబట్టి జులై సెషన్ కావాలంటే ఏప్రిల్‌లోనే ఈ పని మొదలుపెట్టండి. మారాక డిజీలాకర్‌లో ఆధార్ వివరాలు మళ్లీ తెచ్చుకుని, కొత్త పేరు కనిపించాకే డీఈబీ ఐడీకి వెళ్లండి.

పెళ్లయినవాళ్లకి ఇందులో ఒక చిక్కుంది. ఆధార్‌లో ఇంటిపేరు మారిస్తే బ్యాంకు, పాన్, రేషన్ కార్డు అన్నిటితో తేడా వస్తుంది. అలాంటప్పుడు ఆధార్ మార్చే ముందు యూనివర్సిటీ అడ్మిషన్ల విభాగానికి మెయిల్ రాయండి, పెళ్లి సర్టిఫికెట్ జతచేస్తే ఒప్పుకుంటారా అని. ఒప్పుకుంటామని వాళ్లిచ్చిన జవాబు దాచుకోండి. ఫోన్లో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు. పెళ్లి రిజిస్టర్ చేయించుకోనివాళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడైనా చేయించుకోవచ్చు. ఈ ఒక్క కారణంతో చదువు మానుకున్న ఆడవాళ్లని చూశాను. మానుకోవాల్సినంత సమస్య కాదిది.

మిగతా కాగితాలు మీకు తెలిసినవే. పదో తరగతి, ఇంటర్ మెమోలు, ఫొటో, సంతకం, రిజర్వేషన్ ఉంటే కుల ధ్రువీకరణ. ఫొటో, సంతకం ఫైళ్ల సైజు కేబీల్లో ఎంత ఉండాలో ఫారంలోనే రాసి ఉంటుంది. పీజీకి పెట్టేవాళ్లు మాత్రం డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ పేరు చూసి నింపండి. నెల్లూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ 2008లో వచ్చింది. అంతకుముందు నెల్లూరు జిల్లా కాలేజీల్లో చదివినవాళ్ల పట్టా మీద శ్రీ వేంకటేశ్వర అని ఉంటుంది. ఒంగోలులో ఆంధ్రకేసరి యూనివర్సిటీ 2022లో వచ్చింది, ప్రకాశం వాళ్ల పాత పట్టాల మీద ఆచార్య నాగార్జున ఉంటుంది. కాలేజీ ఇప్పుడు ఎవరి కింద ఉందో అది రాయకండి, పట్టా మీద ఉన్నదే రాయండి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ పోయినవాళ్లు తిరుపతికో గుంటూరు వైపుకో దరఖాస్తు పెట్టుకోవాలి, దానికీ ముందే టైం ఉంచుకోండి.

ఫీజు యూనివర్సిటీ పోర్టల్‌లోనే కట్టండి. యూపీఐలో డబ్బు పంపే ముందు కనిపించే పేరు యూనివర్సిటీదై ఉండాలి, ఎవరో మనిషి పేరు వస్తే కట్టొద్దు. కట్టాక రసీదు, దరఖాస్తు నంబరు స్క్రీన్ షాట్ తీసి మీ మెయిల్‌కి పంపుకోండి.

ఇప్పటికే మీ ఐడీలు ఎవరి ఫోన్ మీదో ఉంటే మళ్లీ డబ్బు ఇవ్వకండి, కొత్త డీఈబీ ఐడీకి ప్రయత్నించకండి. ముందు డిజీలాకర్‌లోకి మీ ఆధార్ ఓటీపీతో వెళ్లి అక్కడ మీ నంబరు పెట్టుకోండి. ఆ తర్వాత ఏబీసీ నంబరు, ఆధార్‌లో ఉన్న పేరు, జరిగిన సంగతి రాసి డీఈబీకి మెయిల్ పెట్టండి. కోవూరు ఆమె అలాగే చేసింది. జవాబు వచ్చేసరికి జులై సెషన్ దాటిపోయింది, జనవరిలో చేరింది. ఇప్పుడు ఓటీపీలు ఆమె ఫోన్‌కే వస్తున్నాయి.