రోహిణి కార్తెకు ముందే లేయర్ కోళ్ల దాణాలో సరిచూసుకోవలసిన అమైనో ఆమ్లాలు

కోడికి చెమట గ్రంథులు లేవు. షెడ్డులో ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే అది రొప్పుతూనే ఒంటి వేడిని వదిలించుకోవాలి. ఆ ఒత్తిడిలో కార్టికోస్టెరోన్ హార్మోను పెరిగి కండలోని మాంసకృత్తులను కరిగిస్తుంది, థైరాయిడ్ హార్మోన్లలో చురుకైన టీ3 తగ్గుతుంది, మేత పడిపోతుంది. కాబట్టి గోదావరి జిల్లాల్లోనూ తెలంగాణలోనూ లేయర్లు, అంటే గుడ్ల కోసం పెంచే కోళ్లు, పెంచే రైతులు మే నెలాఖరు దాకా ఆగకుండా మార్చిలోనే దాణా పాళ్లను తిరిగి లెక్కవేసుకోవాలి.

మేత తగ్గిందని సోయా చెక్క పెంచడం తరచుగా జరిగే పొరపాటు. ఒంటికి అక్కరలేని మాంసకృత్తులు యూరిక్ ఆమ్లంగా మారి బయటికి పోయేటప్పుడు అదనంగా వేడి పుడుతుంది, రెట్టలో అమ్మోనియా కూడా పెరుగుతుంది. మొత్తం మాంసకృత్తులను కొంచెం తగ్గించి, కొరవడిన అమైనో ఆమ్లాలను (మాంసకృత్తులు తయారయ్యే మూల పదార్థాలను) విడిగా కలపడమే మేలు.

శాతాన్ని కాక, కోడికి రోజూ అందే మిల్లీగ్రాములను చూడాలి. ఉదాహరణకు మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం 0.40 శాతం ఉన్న దాణా 110 గ్రాములు తింటే 440 మిల్లీగ్రాములు అందుతాయి. ఎండకు మేత 95 గ్రాములకు పడిపోతే 380 మాత్రమే. పాత మోతాదు అందాలంటే దాణాలో 0.46 శాతం ఉండాలి.

అమైనో ఆమ్లాలు గుడ్డుకూ కండకూ ముడిసరుకు మాత్రమే కావు, హార్మోన్లనూ కదిలిస్తాయి. ఆర్జినిన్ వృద్ధి హార్మోను, ఇన్సులిన్ల విడుదలను ప్రేరేపిస్తుంది. ట్రిప్టోఫాన్ నుండి సెరటోనిన్, దాని నుండి మెలటోనిన్ తయారవుతాయి. వేసవిలో ఎదుగుతున్న పెట్టల విషయంలో నాకు మరింత ఆందోళన. వాటికి మాంసకృత్తులు చాలకపోతే రక్తంలో వృద్ధి హార్మోను పెరిగినా, కాలేయం నుండి రావలసిన, ఎదుగుదలను నడిపించే ఐజీఎఫ్-1 హార్మోను తగ్గిపోయి ఎదుగుదల ఆగిపోతుంది.

లైసిన్ అనే అమైనో ఆమ్లం చవకగా దొరికిందని ఎక్కువ వేయకూడదు. కోడి తనకు కావలసిన ఆర్జినిన్‌ను తానుగా తయారు చేసుకోలేదు. పైగా లైసిన్ మితిమీరితే ఉన్న ఆర్జినిన్ కూడా త్వరగా విచ్ఛిన్నమవుతుంది. వేరుశనగ చెక్కలో ఆర్జినిన్ బాగానే ఉన్నా, లైసిన్, మెథియోనిన్ తక్కువ. అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) పరీక్ష చేయించకుండా దాన్ని వాడవద్దు.

నీడ, గాలి, చల్లని నీరు లేని షెడ్డులో ఈ మార్పులేవీ పనిచేయవు. మేతను తెల్లవారుజామునా సాయంత్రం చల్లబడ్డాకా వేయాలి, కొత్త దాణాకు వారం రోజుల్లో క్రమంగా మారాలి. పైన చెప్పిన మెథియోనిన్‌లో 0.06 శాతం తేడా టన్నుకు 600 గ్రాములే కనుక, దాన్ని నేరుగా మిక్సరులో పోయకుండా ముందుగా పది కిలోల మొక్కజొన్న పిండిలో బాగా కలిపి, ఆ తరువాతే మిగతా దాణాలో కలపాలి.