డౌరో లోయకు ఏ నెలలో వెళ్ళాలి, అక్కడ ఏం చూడాలి

డౌరో లోయ ప్రయాణానికి విమానం టికెట్ల కంటే ముందు నెలను ఖాయం చేసుకోవాలి. స్పెయిన్ నుంచి పోర్చుగల్‌లోకి ప్రవేశించి పోర్టో నగరం దగ్గర అట్లాంటిక్‌లో కలిసే డౌరో నదికి ఇరువైపులా నిటారుగా లేచిన కొండల మీదనే పోర్ట్ అనే తియ్యని, ఘాటైన వైన్‌కు కావలసిన ద్రాక్ష పండుతుంది. ఆ కొండలు ఫిబ్రవరిలో ఒకలా, సెప్టెంబరులో మరోలా ఉంటాయి. పడమటి వైపున్న మరావ్ పర్వతాలు సముద్రపు తేమను అడ్డగించడం వల్ల లోయలోపలికి వెళ్ళేకొద్దీ వాన తగ్గి ఎండ ముదురుతుంది. తొమ్మిది నెలలు చలికాలం, మూడు నెలలు నరకం అని స్థానికులు తమ వాతావరణం గురించి చెప్పుకుంటారు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం అక్కడ మామూలే కనుక, వేరే దారి లేకపోతే తప్ప జూలై, ఆగస్టు నెలలను ఎంచుకోవద్దు.

ఈ ప్రాంతపు చరిత్ర కొంత తెలిసి వెళ్తే కొండలు చూడడం తేలికవుతుంది. పోర్ట్ వైన్‌లో కల్తీ పెరిగి ఇంగ్లండుతో వ్యాపారం దెబ్బతింటున్న రోజుల్లో, తరువాతి కాలంలో పోంబాల్ మార్క్విస్‌గా పేరుపడిన మంత్రి 1756లో ఈ సాగు ప్రాంతానికి చట్టబద్ధంగా హద్దులు నిర్ణయించి, గ్రానైట్ రాళ్ళు పాతించాడు. వాటిలో కొన్ని ఇప్పటికీ తోటల గట్ల మీద కనిపిస్తాయి. 2001లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడి నేల పలకలు పలకలుగా విడిపోయే రాతి నేల. ఆ రాతినే పగలగొట్టి, ఆ ముక్కలతోనే సున్నం లేకుండా గోడలు పేర్చి, తరతరాల కూలీలు మెట్లు మెట్లుగా పొలాలు కట్టారు. రాతి గోడలున్న ఇరుకు మెట్లు కనిపిస్తే అవి పాతవని, గోడలు లేకుండా మట్టి గట్లతో వెడల్పుగా ఉంటే ట్రాక్టరు తిరగడానికి ఇటీవలి దశాబ్దాల్లో చదును చేసినవని, వరుసలు కొండ పైనుంచి కిందికి నిలువుగా దిగితే అది ఇంకా కొత్త పద్ధతి అని గుర్తుపట్టవచ్చు. మధ్యమధ్యలో పొదలు, ఆలివ్ చెట్లు కమ్మేసిన పాడుబడ్డ మెట్లు కూడా ఉంటాయి. 1860ల తరువాత ఫిలాక్సెరా అనే పురుగు వేళ్ళను తినేసినప్పుడు వదిలేసి, మళ్ళీ సాగులోకి తేని పొలాలవి.

ద్రాక్ష కోత సాధారణంగా సెప్టెంబరు మధ్యలో ఊపందుకుని అక్టోబరు తొలి రోజుల దాకా సాగుతుంది, కానీ తేదీలను నిర్ణయించేది ఆ ఏటి ఎండావానలే. అందువల్ల ఒకే రోజును నమ్ముకుని వెళ్ళకుండా కనీసం మూడు రాత్రులు లోయలోనే బస చేయడం మంచిది. తోటను, దానితో పాటు ఉండే ఇంటినీ కలిపి అక్కడ ‘కింటా’ అంటారు. కోత రోజుల్లో అతిథులను రానిచ్చే కింటాలకు నెలల ముందే రాసి బస, సందర్శన ఖాయం చేసుకోవాలి. కొన్ని చోట్ల ఉదయం కత్తెర ఇచ్చి గుత్తులు కోయనిస్తారు, సాయంత్రం తొక్కుడు తొట్టిలోకి దిగనిస్తారు. ఈ తొట్టిని ‘లగార్’ అంటారు. మోకాళ్ళ పైదాకా వచ్చే ద్రాక్ష గుజ్జులో మనుషులు వరుసగా భుజాల మీద చేతులు వేసుకుని, ఒకరు పలికే లెక్కకు తగ్గట్టు అడుగులో అడుగు వేస్తూ తొలి రెండు గంటలు కవాతులా ముందుకూ వెనక్కూ నడుస్తారు. ఆ తరువాత వరుస విడిపోయి, అకార్డియన్ మోగి, ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు గెంతులేస్తారు. గింజ నలగకుండా తొక్క నుంచి రంగు దిగాలంటే కాలు ఎంతో అనువైన సాధనమని అక్కడివారి నమ్మకం. పేరున్న వైన్లకు నేటికీ ఈ పద్ధతిని వదలని కింటాలున్నాయి. పాత నిక్కరు వేసుకోవాలి. కాళ్ళకు పట్టిన ఊదారంగు ఒక స్నానంతో వదలదు. ఇంకో మాట: అది వాళ్ళకు ఏడాది పంట చేతికొచ్చే సమయం, అనుమతి లేని తోటలోకి ఫోటో కోసం దిగడం, మోతలు మోసేవారి దారికి అడ్డం నిలవడం మర్యాద కాదు.

కోతకు కుదరనివారికి నా సలహా అక్టోబరు చివరి వారాలు. జనం తగ్గుతారు, గదులు దొరుకుతాయి, ఒక్కో ద్రాక్ష రకం ఒక్కో రంగుకు తిరగడంతో కొండ మొత్తం ఎరుపు, పసుపు, ఇటుక రంగు చారలుగా మారుతుంది. నిజం చెప్పాలంటే కళ్ళకు ఇంపుగా ఉండేది కోత కాలం కన్నా ఇదే. నవంబరు 11న వచ్చే సెయింట్ మార్టిన్ పండుగకు చెస్ట్‌నట్ కాయలు నిప్పుల మీద కాల్చి కొత్త వైన్‌తో తింటారు. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో స్పెయిన్ సరిహద్దు వైపున్న ఎగువ లోయలో బాదం చెట్లు తెల్లగా, లేత గులాబీ రంగులో పూస్తాయి. ఆ కాలంలో వెళ్ళేవారు విలా నోవా ద ఫోష్ కోవా ఊరి దగ్గర, కోవా నది ఒడ్డున రాళ్ళ మీద ఇరవై వేల ఏళ్ళకు పూర్వమే మానవులు చెక్కిన గుర్రాల, అడవి ఎద్దుల బొమ్మలను తప్పక చూడాలి. అక్కడ కట్టబోయిన ఆనకట్టను 1990లలో ఈ బొమ్మల కోసమే ఆపేశారు. సొంతంగా వెళ్ళడానికి వీలులేదు, గైడుతోనే వెళ్ళాలి, చోటు ముందే బుక్ చేసుకోవాలి. గీతలు ఏటవాలు వెలుగులోనే స్పష్టంగా కనిపిస్తాయి కనుక ఈ బొమ్మలున్న చోట్లలో కనాడా దో ఇన్ఫెర్నోకు ఉదయం, పెనస్కోజాకు మధ్యాహ్నం ఎంచుకోవాలి. జూన్ 23 రాత్రి పోర్టో నగరమంతా సెయింట్ జాన్ పండుగలో వీధుల్లో ఉంటుంది. మరునాడు పాత వైన్ పడవల పందెం నదిలో జరుగుతుంది.

పోర్టో నుంచి లోయకు చేరడానికి రైలును మించినది లేదు. సావ్ బెంతు లేదా కంపన్యా స్టేషన్‌లో ఎక్కితే రేగ్వా, పిన్యావ్, తూవా మీదుగా పొసీన్యూ దాకా దాదాపు మూడున్నర గంటల ప్రయాణం. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోవాలి, ఎందుకంటే గంటకు పైగా సాగాక పట్టాలు నదిని అంటుకుని నడుస్తాయి; తూవా దాటాక ఫెరదోజా వంతెన మీద రైలు నదిని దాటుతుంది కాబట్టి అక్కడ నుంచి ఎడమవైపుకు మారాలి. రోజుకు రైళ్ళు తక్కువ, తిరుగు రైలు వేళ చూసుకోకుండా దిగవద్దు. పిన్యావ్ స్టేషన్ గోడల మీద ద్రాక్ష సాగును చిత్రించిన 24 నీలిరంగు పలకల చిత్రాలున్నాయి.

పడవలో వెళ్తే కరాపతెలు ఆనకట్ట దగ్గర పడవను 35 మీటర్లు పైకి లేపే లాక్‌ను చూడవచ్చు, కానీ పూర్తి రోజు పడుతుంది. ఆనకట్టలు రాకముందు ఈ నది ప్రమాదకరమైన సుడులతో నిండి ఉండేది. లోయ పటాలు గీసిన వైన్ వ్యాపారి జోసెఫ్ ఫారెస్టర్ 1861లో వలెయ్‌రా సుడుల్లో మునిగి చనిపోగా, అదే పడవలో ఉన్న ద్రాక్ష తోటల యజమానురాలు దోనా ఆంతోనియా ఫెరెయ్‌రా తన గౌను గుడారంలా గాలిపట్టి తేలడంతో బతికిందని కథ. కారు తీసుకునేవారికి రేగ్వా, పిన్యావ్‌ల మధ్య నది వెంట సాగే ఎన్ 222 రోడ్డు బాగుంటుంది. అయితే రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ చేరితే నేరం కాబట్టి రుచి చూసేవారు, నడిపేవారు వేరువేరుగా ఉండాలి.

పులుస్తున్న ద్రాక్షరసంలో చక్కెర ఇంకా మిగిలి ఉండగానే 77 శాతం బలమున్న ద్రాక్ష సారా కలిపి పులియడాన్ని ఆపేయడం వల్ల పోర్ట్ తియ్యగానూ, 19 నుంచి 22 శాతం ఘాటుగానూ ఉంటుంది. అందుకే రోజుకు రెండు కింటాలకు మించి పెట్టుకోవద్దు, ఉమ్మేయడానికి పాత్ర పెడితే వాడుకోవడంలో సిగ్గుపడనక్కర్లేదు. ఇక సంప్రదాయంగా వైన్ ముదిరే చోటు లోయ కాదు. పోర్టోకు ఎదురుగా, నదికి అవతలి ఒడ్డున ఉన్న విలా నోవా ద గాయా. అక్కడి చల్లని గోదాముల్లో పీపాలు నిల్వ ఉంచుతారు, 1986 వరకు ఎగుమతి కూడా చట్టరీత్యా అక్కడి నుంచే జరగాల్సి ఉండేది. కాబట్టి లోయ ముందు, గాయా తరువాత అన్న క్రమం బాగుంటుంది. సీసా కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి: పీపాలో ఏళ్ళ తరబడి గాలి తగిలిన టానీ రకం మూత తీశాక కూడా కొన్ని వారాలు నిలుస్తుంది, ఎక్కువగా సీసాలోనే ముదిరే వింటేజ్ రకం మాత్రం రెండు మూడు రోజుల్లో ముగించాల్సిందే. నెమ్మదిగా తాగే ఇంటికి టానీయే కొనండి.